లక్కముద్ర చెదరలేదు

మొన్న ఆదివారం జగిత్యాలలో ఒక సంతాపసభకు వెళ్లి వచ్చాను. ఇంటికి రాగానే చెప్పులు విడిచి, నల్లా కింద నాలుగుసార్లు నోరు పుక్కిలించాను. "ఏమైంది? గాడ ఏమన్న తినరానిది తిన్నవా?" అని మా ఆవిడ అడిగింది. ఏమీ తినలేదు. మైకు ముందు నిలబడి రెండు మాటలన్నాను. వాటి రుచి పోవడం లేదు.

పోయినాయన మానసిక వైద్యుడు. పేరు రాయను. ఆయన పిల్లలు బాధపడతారన్న మర్యాద కొంత, ఆ పేరును మళ్లీ నా వేళ్లతో టైపు కొట్టాలంటే పుట్టే రోత కొంత. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఎన్నో కాగితాల అడుగున ఆ పేరు కొట్టాను. అది జీతం కోసం. ఇప్పుడు ఆ అవసరం తీరిపోయింది.

సభలో ఆయన ఫోటోకు బంతిపూల దండ వేశారు. పోయినవాళ్ల ఫోటోలన్నీ మంచివాళ్ల ఫోటోల్లాగే ఉంటాయి, ఇదీ అలాగే ఉంది. వయసులో ఉన్న ఒక డాక్టరు మైకు పట్టుకుని చెప్పాడు: "సార్ ఎప్పుడూ ఒక మాట అనేవారు. 'నా కడుపుల వడ్డ మాట నాతోని కట్టెల్లనే కాలాలె' అని. ఎంతమంది గుట్టు ఆయన తనతో తీసుకుపోయారో మనకు తెలియదు." సభంతా తలలూపింది. నా పక్కన కూర్చున్న పాత నర్సమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ మాట ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ కడుపు సంగతి నాకు బాగా తెలుసు.

అది అన్నల కాలం. నక్సలైట్లను మా వైపు అలాగే అంటారు. మా ఊళ్లలో చీకటి పడకముందే దుకాణాల తలుపులు పడేవి. ఇళ్ల తలుపులు తట్టేవాళ్లు రెండు రకాలుగా ఉండేవాళ్లు. ఒకరికి అన్నం పెడితే ఇంకొకరు వచ్చి ఎందుకు పెట్టావని ఎముకలు విరిచేవాళ్లు. నేను జగిత్యాలలో ఒక ఆసుపత్రిలో టైపిస్టుని. పొద్దున కోరుట్ల నుంచి బస్సులో వచ్చి, సాయంత్రం బస్సులో తిరిగి పోయేవాణ్ని. ఆయన పెద్ద ఊరి నుంచి నెలకు రెండుసార్లు మా దగ్గరికి వచ్చేవాడు. చుట్టుపక్కల కోర్టులు కొందరు ముద్దాయిలను ఆయన దగ్గరికి పంపేవి. ఈ మనిషికి మతి స్థిమితంగా ఉందా, తన మీద ఉన్న కేసేమిటో తెలుసా, తన సంగతి వకీలుకు చెప్పుకోగలడా? కోర్టుకు కావలసింది ఇంతే. ఉందంటే కేసు నడుస్తుంది, లేదంటే ఆగుతుంది. ఆ గదిలో మందివ్వడం ఆయన పని కాదు, బాగుచేయడమూ కాదు. కానీ తెల్లకోటు వేసుకున్నవాడు పక్కన కూర్చుని మణికట్టు పట్టుకుంటే, ఇతను నా కోసం రాలేదు, కోర్టు కోసం వచ్చాడు అని మా వైపు మనిషికి ఎలా తెలుస్తుంది? డాక్టరంటే డాక్టరే. దండం పెట్టి, ఎక్కడ నొస్తుందో చెబుతారు.

ఆయన గదిలోకి వచ్చే పద్ధతి ఒకటుండేది. ముందు ఎర్ర సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కునేవాడు. తరువాత చేతి గడియారం తీసి సొరుగులో పెట్టేవాడు. కిటికీ తలుపులు ఇంకొకరికి చెప్పకుండా తనే మూసేవాడు. ముద్దాయితో వచ్చిన కానిస్టేబులును, "నువ్వు పొయ్యి ఒక చాయ తాగిరా తమ్మీ, మేమిద్దరం ముచ్చట పెట్టుకుంటం," అని సాగనంపేవాడు. టేబులుకు ఇవతలికి తన కుర్చీ లాక్కుని ముద్దాయి పక్కనే కూర్చునేవాడు. తనకోసం తెచ్చిన చాయ అతని చేతిలో పెట్టేవాడు. నేను మూలన చిన్న బల్ల ముందు కూర్చుని రాసుకునేవాణ్ని.

ఆయనది మా వైపు కాదు. అయినా మూడు నెలలు తిరక్కముందే మా మాట పట్టేశాడు. ముసలమ్మ వస్తే "అవ్వా", ముసలాయన వస్తే "బాపూ". మాతో మాట్లాడితే పుస్తకం భాష, వాళ్లతో మాట్లాడితే వాళ్ల ఇంటి భాష. ఆ నేర్పు చూసి మొదట్లో నేను మురిసిపోయాను, అబద్ధమెందుకు. సర్కారు మనిషి నోట మా మాట వినడం మాకు అప్పట్లో కొత్త. అది ఆయనకు తాళంచెవి అని అర్థం కావడానికి నాకు కొంతకాలం పట్టింది.

ఎందుకంటే గదిలో విన్నది ఆయన గదిలో వదిలేవాడు కాదు. పోలీసులకు చేరవేసే మనిషీ కాదు, అలా అయితే కనీసం భయానికో ఆశకో చేశాడని సరిపెట్టుకునేవాణ్ని. ఆయనకు కావలసింది వినేవాళ్లు. నలుగురు కూర్చుంటే ఆయన నోరు ఊరుకునేది కాదు. ముద్దాయిల నడక నడిచి చూపేవాడు, వాళ్ల నత్తితో మాట్లాడేవాడు, వాళ్ల ఏడుపు ఏడిచేవాడు. క్యాంటీను బల్ల చుట్టూ మేం పొట్టలు పట్టుకునేవాళ్లం.

మల్యాల వైపు నుంచి ఒక రైతును తెచ్చారొకసారి. దాయాది గడ్డివాముకు నిప్పుపెట్టిన కేసు. యాభై ఏళ్ల మనిషి. గదిలో గంటసేపు మాట్లాడాక, తల వంచుకుని, తనకు ఈ వయసులోనూ పక్క తడుస్తుందని చెప్పుకున్నాడు. భార్యకు తప్ప ఎవరికీ తెలియని సంగతి. ఆ మధ్యాహ్నమే క్యాంటీనులో డాక్టరు ఆ మాటను అతని గొంతుతోనే చెప్పి చూపాడు. కానిస్టేబుళ్లు అక్కడే ఉన్నారు. పదిహేను రోజుల తరువాత ఆ రైతును మళ్లీ తెచ్చినప్పుడు, జీపులోంచి దింపుతూ ఒక కానిస్టేబులు, "దిగు, ఎండలకు దిగు, జర ఆరుతవు," అన్నాడు. ఆ మనిషి డాక్టరు వైపు ఒక్కసారి చూశాడు. తరువాత గదిలో గోడ వైపు తిరిగి కూర్చుని, ఎన్ని "బాపూ"లు పలికినా నోరు విప్పలేదు. "మొండికేశాడయ్యా," అన్నాడు డాక్టరు నాతో. ఆయనకు నిజంగానే అర్థం కాలేదు.

ఇక సిరిసిల్ల మనిషి సంగతి. దీనికోసమే ఇదంతా రాస్తున్నాను.

అతను సాంచెల మీద నేసే కార్మికుడు. మా వైపు పవర్‌లూములను సాంచెలంటారు. ఇరవై ఐదేళ్లుంటాయి. ఒక సేటు హత్యకు అన్నలకు దారి చూపించాడని కేసు. లాకప్పులో ఏం చేశారో తెలియదు గానీ అతనికి మాట పడిపోయింది. తిండి పెడితే తినేవాడు, లేపితే లేచేవాడు, అంతే. వకీలు గట్టి మనిషి. పరీక్ష చేయించాలని కోర్టును అడిగి, దానితోపాటు షరతులూ రాయించాడు. పరీక్ష జరిగే గదిలో పోలీసులు ఉండకూడదు. నేరం గురించి ముద్దాయి ఏం చెప్పినా అది నివేదికలో రాయకూడదు, ఎవరికీ తెలపకూడదు. మతి ఉందో లేదో మాత్రం రాసి, లక్క వేసిన కవరులో కోర్టుకే పంపాలి. ఆ ఉత్తర్వు ఆఫీసు ఫైలులోకి నేనే దించాను. ఒక జడ్జి మా వైపు మనిషి కోసం ఇంత ఆలోచించాడా అని ఆశ్చర్యపోయాను కూడా.

అతను కుర్చీలో కూర్చున్నాడు. చూపు నేల మీద. చేతులు మాత్రం ఊరుకోవడం లేదు. బొటనవేలూ చూపుడువేలూ కలిసి గాలిలో ఏదో పట్టుకోవడం, మెలిపెట్టడం, వదలడం. మళ్లీ పట్టుకోవడం. నేను వణుకు అనుకున్నాను. డాక్టరు చాలాసేపు ఆ చేతులే చూశాడు. లేచి వెళ్లి, బ్యాండేజీ గుడ్డ చుట్టలోంచి ఒక దారప్పోగు లాగి, మధ్యలో తెంపి, రెండు కొసలూ అతని ముందు పట్టుకున్నాడు.

"పోగు తెగింది తమ్మీ. అతుకు," అన్నాడు.

అతను ఆ రెండు కొసలూ అందుకుని కంటిరెప్ప వేసేలోగా ముడివేశాడు. డాక్టరు మళ్లీ తెంపాడు. అతను మళ్లీ అతికాడు. పది సార్లో పన్నెండు సార్లో అయ్యాక, అతని కళ్లలోంచి నీళ్లు కారాయి. "సాంచె ఆగింది సార్," అన్నాడు. ఎన్నో రోజుల తరువాత అతని మొదటి మాట అది.

ఇది చూసి నాకు ఒళ్లు గగుర్పొడిచింది. డాక్టరు చేతులకు మొక్కాలనిపించింది. అందుకే ఆ తరువాత జరిగింది తలుచుకుంటే ఇంకా ఎక్కువ అసహ్యం వేస్తుంది. ఆ విద్య లేనివాడు చేసి ఉంటే ఇంత అసహ్యం ఉండేది కాదేమో.

అతను మెల్లగా మాటల్లో పడ్డాడు. కేసేమిటో తెలుసన్నాడు, వకీలు పేరు చెప్పాడు. కోర్టు అడిగినదానికి జవాబు అక్కడితో దొరికింది. లేవాలి నిజానికి. డాక్టరు లేవలేదు. నా వైపు తిరిగి, "రాయడం ఆపు," అన్నాడు. నేను రాసుకున్న రెండు కాగితాలూ తీసుకుని, అతను చూస్తుండగానే అగ్గిపుల్ల గీసి, పళ్లెంలో కాల్చేశాడు. "సూసినవా? కాయిదం లేదు, కలం లేదు. నా కడుపుల వడ్డ మాట నాతోని కట్టెల్లనే కాలాలె. గుండెల ఏమున్నదో చెప్పు."

అతను ఆ బూడిద వైపు చూశాడు. తరువాత చేతులు జోడించాడు.

"సార్, మీరు డాక్టరే గదా. మా అవ్వ జైలుకొచ్చి చెప్పింది, మా చెల్లెకు చలిజరం. పది దినాలాయె, తగ్గుతలేదట. ఒక్క గోలీ రాసియ్యుండ్రి."

"ఎందుకు రాయ తమ్మీ. ఎంత ఈడు పిల్ల? ఏడున్నది?"

అతను మూసిన కిటికీ వైపు చూశాడు. "అన్నల్ల కలిసింది సార్. అడవి లోపలికి పొయ్యి ఏడాదాయె. జరమొస్తె దించి పోయిన్రట. కోరుట్లల మా చిన్నమ్మ ఇంట్ల ఉన్నది. మా చిన్నమ్మ బీడీలు జేస్తది. తేరుకుంటె మల్ల పోతదట. పోవద్దని చెప్పేతందుకు గూడ నేను లేకపోతి."

"కోరుట్లల యాడ? గోలీలు పంపియ్యద్దా మరి?"

అతను చెప్పాడు. పాత టాకీసు వెనక సందు, చివరి రేకుల ఇల్లు. డాక్టరు చీటి మీద మాత్రల పేర్లు రాశాడు, పూటకెన్నో రాశాడు. మరిచిపోకుండా కింద ఆ సందు గుర్తులు కూడా రాసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అతను వంగి ఆయన కాళ్లు పట్టుకున్నాడు. నాకు ఆ సందు తెలుసు. మా ఇంటికి పోయే దారిలో ఎడమ వైపు తిరిగితే అదే.

నివేదిక మూడు వాక్యాలు. ముద్దాయికి మతి ఉంది. కేసు అర్థమవుతుంది. వకీలుతో మాట్లాడగలడు. నేను కొట్టి ఇచ్చాక డాక్టరు రెండుసార్లు చదివి, కవరులో పెట్టి, కొవ్వొత్తి తనే పట్టుకుని లక్క కరిగించి, ముద్ర తనే ఒత్తాడు. అంచు సరిగా పడలేదని గీకేసి మళ్లీ వేశాడు. "కోర్టు మాటంటే మాటేనయ్యా," అన్నాడు నాతో.

అంతలోనే గెస్టుహౌజు నుంచి జీపు వచ్చింది. పోలీసు ఇన్‌స్పెక్టరు ఆ రోజు భోజనానికి పిలిచాడు. "నువ్వూ రావయ్యా, టైపు కొట్టీ కొట్టీ ఎండిపోయావు," అని డాక్టరు నన్ను కూడా ఎక్కించుకున్నాడు. నేను వద్దనలేదు. కోడికూర అని ముందే తెలుసు.

విస్తళ్ల ముందు ఆరుగురం కూర్చున్నాం. రెండు ముద్దలు తిన్నాడో లేదో, డాక్టరు ఎడమచేయి గాలిలోకి లేపి పోగు అతకడం మొదలుపెట్టాడు. ఆ చూపు, ఆ వంగిన మెడ, ఆ వేళ్లు, అచ్చం అతనే. "సాంచె ఆగింది సార్" అని అతని గొంతుతో అనగానే అందరూ గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. గంట కిందట నాకు ఒళ్లు గగుర్పొడిచిన మాటకు, మెతుకు గొంతుకు అడ్డం పడేటంతగా నవ్వాను. దగ్గొస్తే పక్కనున్నాయన నా నెత్తి మీద తట్టి నీళ్లిచ్చాడు.

ఇన్‌స్పెక్టరు ఒక్కడే నవ్వలేదు. డాక్టరు విస్తట్లో ఇంకో ముక్క వేసి, "తర్వాత, డాక్టర్ సాబ్?" అన్నాడు. డాక్టరుకు ఇంతకన్నా ఏం కావాలి? చెబుతూ పోయాడు. "తర్వాత ఏముందండీ, సర్కారు జీతం తింటూ అన్నలకు మందు రాశాను నేను. నన్ను కూడా లోపలేస్తారా?" అని జేబులోంచి చీటి తీసి ఊపాడు.

ఇన్‌స్పెక్టరు చేయి చాచి, చూద్దామన్నట్టు ఆ చీటి అందుకున్నాడు. "డాక్టర్ల రాత మా అసొంటోళ్లకు సమజైతదా సాబ్," అంటూనే మొత్తం చదివాడు. చదివి, నాలుగు మడతలు పెట్టి, తన చొక్కా జేబులో వేసుకుని గుండీ పెట్టాడు.

డాక్టరు చేయి ఇంకా చాచే ఉంది. "అది ఇటివ్వండి, మాత్రలు పంపాలి," అన్నాడు.

"మేం పంపిస్తం సాబ్. మీరు తినుండ్రి."

నేను డాక్టరు ముఖమే చూస్తున్నాను. ఆయన ఆ గుండీ పెట్టిన జేబు వైపు చూశాడు. ఒక్క గుక్క నీళ్లు తాగేంతసేపు. తెలియలేదని నేను ఎప్పటికీ ఒప్పుకోను. తెలిసింది. ఆ మనిషి మొహంలో అది దిగడం నేను చూశాను. అప్పుడాయన చాచిన చేయి వెనక్కి తీసుకుని, "నిమ్మకాయ ఏమైనా ఉందా?" అని అడిగాడు.

ఎవరో నిమ్మకాయ కోసి తెచ్చారు. భోజనం అయింది. ఆ సాయంత్రం నేను ఇంటికి వెళ్లి, తిని, పడుకున్నాను.

మర్నాడు తెల్లవారకముందే పోలీసులు ఆ సందులోకి వచ్చారు. ఆ పిల్లకు నడిచే ఓపిక లేకపోతే గొంగడిలో చుట్టి జీపులోకి ఎక్కించారని చూసినవాళ్లు చెప్పారు. కోరుట్ల శివారులో ఎదురుకాల్పులు జరిగాయని, ఒక యువతి మరణించిందని ఆ తరువాతి రోజు పేపరులో వచ్చింది. నూటమూడు జ్వరంలో ఉన్న పిల్ల పోలీసుల మీదికి కాల్పులు జరిపిందట. ఆ పేపరు నేను బస్సులో చదివాను. చదివి, మడిచి, కిటికీ పక్క సీటు దొరికిందని అక్కడికి జరిగి కూర్చున్నాను. ఇది కూడా రాయాలి కదా, రాస్తున్నాను.

పదిహేను రోజులకు డాక్టరు వచ్చాడు. ఎర్ర సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాడు. మనిషిలో ఏదైనా మారి ఉంటుందని ఎదురుచూశాను. ఏమీ మారలేదు. చేతులు తుడుచుకుంటుంటే ధైర్యం చేసి, "సార్, కోరుట్లల ఆ పిల్ల..." అన్నాను.

ఆయన తువ్వాలు మడిచి దండెం మీద వేశాడు. "నేను రాసిన రిపోర్టు నువ్వే కొట్టావు కదయ్యా. అందులో ఉండాల్సినదానికన్నా ఒక్క ముక్క ఎక్కువ ఉందా?"

"లేదు సార్."

"కవరు ఎవరన్నా విప్పారా?"

"లేదు సార్."

"మరి?" అన్నాడు. ఆ "మరి"లో నా మీద చిన్న జాలి కూడా ఉంది. తరువాతి ముద్దాయిని పిలవమన్నాడు. నేను పిలిచాను.

కోర్టులో నివేదిక తెరిచే రోజు నన్ను సాక్ష్యానికి పంపారు. కవరు మా ఆఫీసు నుంచి వెళ్లిందేనని, ముద్ర మాదేనని చెప్పాలి. జడ్జి లక్కను వెలుతురుకు తిప్పి చూశాడు. వకీలుకు చూపించాడు. ఎవరికీ ఏ అనుమానమూ రాలేదు, అంత చక్కగా ఉంది ముద్ర. చదివారు. అప్పుడు సిరిసిల్ల మనిషి బోనులోంచి చేయెత్తాడు. అప్పటికి చెల్లె సంగతి అతనికి తెలిసింది.

"సార్, అండ్ల మా చెల్లె ముచ్చట ఏమన్న రాసున్నదా?"

జడ్జి చిరాకు పడలేదు. కాగితం అతని వైపు తిప్పి, మూడు వాక్యాలనూ తెలుగులో మెల్లగా చదివి వినిపించాడు. "ఇంతే ఉంది. నీ చెల్లెలి ప్రస్తావనే లేదు. డాక్టరు నువ్వు చెప్పినవేవీ రాయలేదు."

"ముద్ర ఎవలన్న ఇప్పిన్రా సార్?"

"లేదు. ముద్ర చెదరలేదు."

అతను తల ఊపాడు. తనలో తను ఏదో కూడుకుంటున్నట్టు కాసేపు నిలబడి, "అయితే నేనే," అన్నాడు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. నేను ఐదడుగుల దూరంలో ఉన్నాను. నోరు తెరిస్తే చాలు. గెస్టుహౌజు, కోడికూర, చీటి, మూడే మాటలు. ఇన్‌స్పెక్టరు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. నేను రిజిస్టరులో సంతకం పెట్టి బయటికి వచ్చాను.

ఆ ఉత్తర్వు రాసిన జడ్జి మంచివాడే. వకీలూ మంచివాడే. అందరూ కలిసి కాగితానికి కాపలా కాశారు. నోటికి కాపలా పెట్టాలని ఎవరికీ తట్టలేదు. ఇంకా ఘోరం ఏమిటంటే, చెదరని ఆ ముద్రే ఆ మనిషికి తన మీద తనే తీర్పు చెప్పుకునే ఆధారమైంది. తరువాత కొంతకాలానికి సాక్ష్యాలు లేక కేసు కొట్టేశారు, అతణ్ని వదిలేశారు. డాక్టరు ఏమేం అయ్యాడో, ఎన్ని శాలువాలు కప్పించుకున్నాడో సభలో అందరూ చెప్పారు. నేను చెప్పను.

సభ చివర్లో, "సారుతో పనిచేసిన పెద్దమనిషి ఇక్కడున్నారు," అని నన్ను పైకి లాగారు. ఇక చెబుదాం, పోయాడు కదా, ఇన్‌స్పెక్టరూ ఎప్పుడో పోయాడు, ఇంకెవరి భయం అనుకుంటూనే మెట్లెక్కాను. ఎదురుగా ఆయన భార్య కూర్చుని నా వైపే చూస్తోంది. "డాక్టరు గారు మంచి మాటకారి," అన్నాను. "కాగితం విషయంలో చాలా జాగ్రత్త మనిషి," అన్నాను. రెండూ నిజాలే. అందరూ మెచ్చుకోలుగా తలలూపారు. ఆమె చేతులు జోడించింది. దిగి వచ్చి, తిన్నగా బస్సెక్కి, ఇంటికొచ్చి నోరు పుక్కిలించాను.

నిన్న సిరిసిల్ల వెళ్లాను. అతను ఉన్నాడో లేడో కూడా తెలియదు. సాంచెల వాడలో రెండు చోట్ల అడిగితే చూపించారు. చిన్న ఇల్లు. నేయడం మానేశాడు, గుమ్మంలో కూర్చుని కండెలకు నూలు చుడుతున్నాడు. జుట్టంతా తెల్లబడింది. ఎవరినని చెప్పుకుందామని తడబడుతుంటే తనే గుర్తుపట్టాడు.

"మూలకు కూసోని రాసుకున్న సారు గదా మీరు?"

స్టూలు వేశాడు. లోపలికి వినబడేలా, "బిడ్డా, సారుకు చాయ పెట్టు," అన్నాడు. కోరుట్ల నుంచి వస్తున్నానని, డాక్టరు పోయాడని చెప్పాను. చేతిలోని కండె పక్కన పెట్టి, "అయ్యో," అన్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు.

"మంచోడు సార్. నేను చెప్పినదాంట్ల ఒక్క ముక్క రాయలె. జడ్జి సారు నాకు సదివి చెప్పిండు. ఆయన తప్పేం లేదు. నేనే, లాకప్పుల తెలివి లేనప్పుడు ఏడనో ఒర్రి ఆమె జాడ చెప్పి ఉంట. మా చెల్లెను నా నోరే తిన్నది." మూసి ఉన్న వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "గీ పిల్ల పుట్టినప్పుడు చెల్లె పేరే పెట్టుమని మా అవ్వ కాళ్లు మొక్కినంత పని జేసింది. నేను పెట్టనియ్యలె. సంపిన నోటితోని ఆ పేరు ఎట్ల పిలుస్త సార్?"

అప్పుడు చెప్పాను. గెస్టుహౌజు, విస్తళ్లు, డాక్టరు గాలిలో పోగు అతకడం, చీటి, ఇన్‌స్పెక్టరు జేబు, నిమ్మకాయ. నేను నవ్వింది కూడా చెప్పాను. "మీరు ఎక్కడా ఒర్రలె. మీ నోటి తప్పు లేదు," అన్నాను. ఆ అమ్మాయి చాయ తెచ్చి మా మధ్య పెట్టి వెళ్లింది. ఇద్దరమూ ముట్టుకోలేదు.

అతను పక్కన పెట్టిన కండె మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండేది.

"ఆ చీటి జేబుల ఏసుకునుడు మీరు సూసిన్రా సార్?"

"సూసిన."

"మీది కోరుట్లనే గదా?"

"ఔ."

"ఆ దినం పొద్దుగూకంగ కోరుట్లకు బస్సు లేకుండెనా?"

ఆ అడగడంలో కోపం లేదు. లేకుండె అంటానేమోనని ఆశగా నా ముఖంలోకి చూస్తున్నాడు.

"ఉండె," అన్నాను. "నేను అండ్లనే ఇంటికి పోయిన."